పరీక్ష ఎక్కడో మడిలో, తెగులు మన గుట్ట మీద

మక్క విత్తనం సంచి మీద 'రోగాలను తట్టుకునే రకం' అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఏ రోగాన్ని తట్టుకుంటుంది? ఎక్కడ తట్టుకుంది? చూసింది ఎవరు? ఈ మూడు ప్రశ్నలకు మందమర్రి దుకాణంలో జవాబు లేదు, బెల్లంపల్లి దుకాణంలోనూ లేదు. కాసిపేట, తిర్యాణి గుట్టల్లో మక్క వేసే రైతు ఆ జవాబును తన చేనులో, తన పెట్టుబడితో, పంట నడుం ఎత్తు దాటిన తరువాత తెలుసుకుంటున్నాడు. అప్పటికి విత్తనం పైసలు పోయాయి, ఎరువు పైసలు పోయాయి, మళ్ళీ విత్తే అదును కూడా పోయింది.

అందుకే మనం ఒక్క మాట సూటిగా చెబుతున్నాం. గుట్టల్లో అమ్మే మక్క రకాన్ని గుట్టల్లోనే, తెగులు వచ్చే చేనులోనే పరీక్షించాలి. ఆ ఫలితాన్ని అమ్మకానికి ముందే రైతు ముందు పెట్టాలి. ఇది జరగనంత కాలం పరీక్ష ఆగిపోయినట్టు కాదు. పరీక్ష నడుస్తూనే ఉంటుంది, కాకపోతే మన చేనులో, మన ఖర్చుతో, మనకు చెప్పకుండా నడుస్తుంది. లాభం వస్తే కంపెనీది, నష్టం వస్తే మనది.

ఈ తెగులు ఏం చేస్తుంది

మక్కకు ఆకు ఎండు తెగులు ముఖ్యంగా రెండు రకాలుగా వస్తుంది. రెండూ బూజు జాతి శిలీంధ్రాలతో వచ్చేవే. ఒకటి టర్సికం ఆకు ఎండు తెగులు. ముందు కింది ఆకుల మీద పడవ ఆకారంలో, బూడిద కలిసిన పచ్చ రంగు మచ్చలు లేస్తాయి. తరువాత అవి గోధుమ రంగుకు తిరిగి, వేలెడు నుంచి అరచేయంత పొడవు దాకా సాగుతాయి. రెండోది మేడిస్ ఆకు ఎండు తెగులు. దీని మచ్చలు చిన్నవి, ఈనెల మధ్య ఇరికినట్టు నిలువుగా ఉంటాయి. మచ్చలు ఎక్కువై కలిసిపోతే ఆకు మొత్తం కాలినట్టు కనిపిస్తుంది. చాలామంది దాన్ని ఎండదెబ్బ అనో, నీళ్ళు చాలలేదనో అనుకుంటారు.

రెండింటికీ తడి కావాలి, కానీ వేడి విషయంలో వీటి దారులు వేరు. టర్సికం 18 నుంచి 27 డిగ్రీల మధ్య, మంచు పడే రాత్రుల్లో, మబ్బు పట్టిన రోజుల్లో విజృంభిస్తుంది. మేడిస్ అంతకన్నా వెచ్చని, ఉక్కపోత వాతావరణం కోరుతుంది. రెండూ పాత చొప్పలో, చేనులో వదిలిన మోళ్ళలో బతికి ఉండి మరుసటి పంటకు అంటుకుంటాయి.

ఎప్పుడు వచ్చిందన్నదాన్ని బట్టే నష్టం. గింజ గట్టిపడ్డ తరువాత కింది ఆకులు ఎండితే పెద్దగా పోయేది లేదు. పీచు వేసే నాటికే కంకి దగ్గరి ఆకులకు, దాని పై ఆకులకు పాకిందా, దిగుబడి సగం దాకా పోవచ్చు. గింజకు పాలు పోసేది ఆ ఆకులే. ఆకు చచ్చిపోతే మొక్క తన కాండంలో దాచుకున్నది పీల్చి గింజకు ఇస్తుంది. కాండం గుల్లబారుతుంది, కుళ్ళు తెగులు చేరుతుంది, గాలికి చేను పడిపోతుంది. పశువుకు వేసే చొప్ప కూడా పనికిరాకుండా పోతుంది.

2025-26కు మక్క మద్దతు ధర క్వింటాలుకు 2,400 రూపాయలు. ఎకరానికి నాలుగు క్వింటాళ్ళు తగ్గాయనుకుందాం. ఆ ధర దక్కినా 9,600 రూపాయలు పోయినట్టే. దళారీకి అమ్ముకునే రైతుకు ఆ ధర కూడా దక్కదు. 2020 వానకాలం నుంచి రాష్ట్రం ఫసల్ బీమా పథకం నుంచి బయటికి వచ్చింది. ఆ తరువాత గుట్టల్లో పంట పోయిన రైతుకు బీమా అన్న మాట వినిపించకుండానే ఏండ్లు గడిచాయి. పోడు భూమికి పట్టా లేని రైతు నష్టమైతే ఏ లెక్కలోకీ ఎక్కదు.

మన గుట్టలు ఏ లెక్కలో ఉన్నాయి?

దేశంలో మక్క రకాల పరీక్ష లేదని మనం అనడం లేదు. 1957లో మొదలైన అఖిల భారత సమన్వయ మొక్కజొన్న పరిశోధన పథకం ఉంది. 1961లో విడుదలైన తొలి హైబ్రిడ్‌లలో ఒకటైన 'దక్కన్' మన హైదరాబాద్ అంబర్‌పేటలో పుట్టిందే. డీహెచ్ఎం 117 మన రాజేంద్రనగర్ నుంచి వచ్చింది. కరీంనగర్ పరిశోధన స్థానం 'కరీంనగర్ మక్క' ఇచ్చింది. ఆ శాస్త్రవేత్తల పని మీద మనకు గౌరవం ఉంది. మన తగాదా వాళ్ళతో కాదు, వాళ్ళ పనిని గుట్ట దాకా రానివ్వని ఏర్పాటుతో.

ఆ ఏర్పాటు ఎట్లా ఉందో చూడండి. పరీక్షల కోసం దేశాన్ని మండలాలుగా విడగొట్టారు. అందులో 'కొండ మండలం' అంటే హిమాలయాలు. తెలంగాణ మొత్తం 'ద్వీపకల్ప మండలం'లో, అంటే మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, తమిళనాడుతో కలిపి ఒక్క గంపలో ఉంది. టర్సికం తెగులుకు దక్షిణాదిలో రకాలను వడపోసేది ముఖ్యంగా కర్ణాటకలోని మండ్య, ధార్వాడ వంటి కేంద్రాల్లో. హైదరాబాద్ కేంద్రంలో పూత తరువాత వచ్చే కాండం కుళ్ళు మీద ఎక్కువ పని జరుగుతుంది. ఆ కేంద్రాల్లో ఉట్నూరు లేదు, తిర్యాణి లేదు, కెరమెరి లేదు.

మన గుట్టల వాతావరణం మరి వాటిలాంటిదేనా? సిర్పూర్(యు), గిన్నెధరి పేర్లు చలికాలం వస్తే పేపర్లలో కనిపిస్తాయి. రాష్ట్రంలో అతి తక్కువ ఉష్ణోగ్రత అక్కడే నమోదవుతుంది కాబట్టి. రెండు గుట్టల మధ్య లోయలో పొద్దు ఎక్కేదాకా పొగమంచు కదలదు. ఆకు మీద తడి ఆరదు. యాసంగి మక్క పూతకు వచ్చేది సరిగ్గా ఆ చలిలోనే. ఇక వానకాలం సంగతి. ఉమ్మడి ఆదిలాబాద్‌లో వాన 1,000 మిల్లీమీటర్లు దాటడం మామూలు. ముసురు పట్టిందంటే రోజుల తరబడి ఎండ ఉండదు. అంటే ఒక పంటకు టర్సికం కోరే వాతావరణం, ఇంకో పంటకు మేడిస్ కోరే వాతావరణం మన దగ్గరే ఉన్నాయి. వీటికి తోడు ఏటవాలు మీది పలుచటి చెల్క, కొట్టుకుపోయే ఎరువు, చేనులోనే మిగిలే మోళ్ళు ఉన్నాయి. మండ్యలో తట్టుకున్న రకం ఇక్కడ తట్టుకుంటుందేమో. తట్టుకోదేమో. ఆ 'ఏమో' తీర్చడానికే పరీక్ష అడుగుతున్నాం.

ఇంకో విడ్డూరం ఉంది. దేశానికి కావలసిన మక్క విత్తనంలో పెద్ద వాటా పండేది మన తెలుగు రాష్ట్రాల్లో. కరీంనగర్ పల్లెల్లో మగ పూత తీసే కూలి పని తెలియని ఆడకూలి లేదు. విత్తనం పండించడానికి మన భూమి, మన నీళ్ళు, మన కూలి పనికొస్తాయి. ఆ విత్తనం మన గుట్టకు పనికొస్తుందా లేదా చూడడానికి మాత్రం మన భూమి పనికిరాదు.

ప్రదర్శన వేరు, పరీక్ష వేరు

ఈ మాట అనగానే కంపెనీ మనిషి లేచి, 'మేం ప్రతి ఏడూ క్షేత్ర దినోత్సవం పెడుతున్నాం కదా' అంటాడు. పెడుతున్నారు. టెంటు వేస్తారు, భోజనం పెడతారు, టోపీ ఇస్తారు. చేను మాత్రం రోడ్డు పక్కన, బోరు కింద, మంచి రేగడిలో ఉంటుంది. ఎరువు వేళకు పడి ఉంటుంది, మందు ముందే కొట్టి ఉంటుంది. అందులో ఒకే కంపెనీ రకం ఉంటుంది. దాన్ని దేనితో పోల్చాలి? తెగులే రాని చేనులో రకం తెగులును తట్టుకుందని ఎట్లా చెప్పాలి? వాన పడని రోజున గొడుగు కారదని చెప్పడం లాంటిదే ఇది.

పరీక్ష అంటే వేరు. పరిశోధన కేంద్రాల్లో తెగులు వచ్చేదాకా ఊరికే చూస్తూ కూర్చోరు, తెప్పిస్తారు. జొన్న గింజల మీద ఆ శిలీంధ్రాన్ని పెంచి, 30, 35 రోజుల మొక్క సుడిలో వేస్తారు. తెగులుకు తేలిగ్గా లొంగే రకాన్ని మధ్య మధ్యలో వరుసలుగా వేస్తారు. ఆ వరుసలు మాడిపోతేనే పరీక్ష సాగినట్టు. అవి కూడా పచ్చగా ఉంటే ఆ ఏడు తెగులు రాలేదని అర్థం, ఏ రకానికీ మార్కు వేయరు. తరువాత 1 నుంచి 9 దాకా మార్కులు వేస్తారు. 3 లోపు వస్తే తట్టుకునే రకం, 5 లోపు అయితే ఓ మాదిరిగా తట్టుకునేది. 5 దాటితే లొంగడం మొదలైనట్టు, 7 దాటితే పూర్తిగా లొంగినట్టు. సంచి మీద 'రోగాలను తట్టుకునే రకం' అని రాసిన వాళ్ళను మనం అడగాల్సింది ఇదే: మీ మార్కు ఎంత? ఏ తెగులుకు? ఏ ఊరిలో?

వాళ్ళు చెప్పే జవాబులు, మన జవాబులు

'తెగులు వస్తే మందు కొట్టుకోండి' అన్నది మొదటి జవాబు. సిఫారసు తెలిసిందే: లీటరు నీళ్ళకు 2.5 గ్రాముల మాంకోజెబ్. ఎకరానికి 200 లీటర్ల నీళ్ళు అనుకుంటే, 16 లీటర్ల పంపుతో పన్నెండు, పదమూడు పంపులు. ఆ నీళ్ళు గుట్ట మీదికి ఎవరు మోయాలి? వాగు నుంచి బిందెలతో మోసేది మన అక్కచెల్లెళ్ళే. తలను మించిన మక్కలో, ఏటవాలు మీద, ముసురులో పంపు వీపున వేసుకొని తిరగాలి. మాంకోజెబ్ ఆకు పైన పూతలా ఉండి కాపాడే మందు, వాన కొడితే కడుక్కుపోతుంది. మళ్ళీ కొట్టాలి. మందు అవసరమైన చోట వాడొద్దని మనం చెప్పడం లేదు. కానీ తట్టుకునే విత్తనం ఇస్తే తీరే పనికి రైతును ఏటా మందుల దుకాణం చుట్టూ తిప్పడం సలహా కాదు, వ్యాపారం.

'గుట్టల్లో మక్క ఎంత ఉందని?' అన్నది రెండోది. పత్తి ముందు మక్క తక్కువే, ఒప్పుకుంటాం. కానీ గోండు, కోలాం గూడేల్లో ఇంటి దడి లోపల మక్క వేసుకోవడం పాత అలవాటు. జొన్న గింజ చేతికి రాకముందే, చేనులో పని మధ్యలో, పిల్లల కడుపు నింపేది ఆ కంకే. దాన్ని ఎకరాల లెక్కలో కొలవకూడదు. పైగా మక్క విస్తీర్ణాన్ని రైతు ఒక్కడే నిర్ణయించడం లేదు. 2020 వానకాలంలో రాష్ట్ర ప్రభుత్వమే మక్క వేయొద్దని, చెప్పిన పంట వేయకపోతే రైతుబంధు రాదని హెచ్చరించింది. ఆ నియంత్రిత సాగును ఆ ఏడాది చివరికే వెనక్కి తీసుకుంది. ఒక ఏడు వద్దని, ఒక ఏడు వేయమని చెప్పే పాలకులు 'మీరు తక్కువ వేస్తున్నారు కాబట్టి పరీక్ష అక్కరలేదు' అనడానికి ముఖం ఎక్కడిది?

'మీ సేద్యం పద్ధతే సరిగా లేదు' అన్నది మూడోది. ఎరువు తక్కువ వేస్తారు, ఆలస్యంగా విత్తుతారు, మోళ్ళు తీయరు అంటారు. సరే. మోళ్ళు తీయాలి, పంట మార్చాలి. ఈ మాటలు మన సంఘం సమావేశాల్లో మనమూ చెబుతున్నాం. కానీ రైతు దగ్గర ఉన్న భూమి అది, ఉన్న పెట్టుబడి అది. ఆ భూమిలో, ఆ పెట్టుబడితో ఏ రకం నిలబడుతుందో చెప్పమంటున్నాం. బోరు కింద, పూర్తి ఎరువుతో నిలబడే రకాన్ని తెచ్చి ఇక్కడ అమ్మి, పోయిన తరువాత రైతును తప్పు పట్టడం ఏ శాస్త్రం?

ఒక పాత పాఠం

'వేరే చోట కనిపించిన తెగులు మాకెందుకు' అనుకున్న వాళ్ళకు ఏమైందో అమెరికా చూపించింది. అక్కడి విత్తన కంపెనీలు మగ పూత తీసే కూలి ఖర్చు తప్పించుకోవడానికి, పుప్పొడి రాని ఒక రకం ఆడ వరుసలను వాడాయి. దాన్ని టెక్సాస్ సైటోప్లాజం అంటారు. 1970 నాటికి అమెరికా మక్కలో సుమారు 85 శాతం అదే. 1961లోనే ఫిలిప్పీన్స్ పరిశోధకులు ఈ మక్క మేడిస్ తెగులుకు త్వరగా లొంగుతోందని రాశారు. ఫిలిప్పీన్స్ వాతావరణం వేరు అనుకుని విత్తన వ్యాపారం దాన్ని లెక్క చేయలేదు. 1970లో మేడిస్ శిలీంధ్రంలో కొత్త తెగ ఒకటి ఫ్లోరిడా నుంచి ఉత్తరానికి పాకింది. ఒక్క పంటకాలంలో దేశం మొత్తం మక్కలో 15 శాతం పోయింది. నష్టం దాదాపు వంద కోట్ల డాలర్లు.

ఇందులో రెండు మాటలు మనకు పనికొస్తాయి. ఒకటి, వేల ఎకరాల్లో ఒకే రక్తం ఉన్న విత్తనం వేస్తే ఒకే తెగులు అన్నింటినీ తింటుంది. సంచుల మీద పేర్లు వేరైనా లోపలి తల్లి ఒక్కటే కావచ్చు. రెండోది, తట్టుకునే గుణం ఒకసారి ఇస్తే శాశ్వతంగా ఉండేది కాదు. టర్సికం మీద అమెరికాలో నమ్ముకున్న హెచ్‌టీ1 అనే ఒక్క జన్యువును 1970లలోనే హవాయిలో ఒక కొత్త తెగ దాటేసింది. కాబట్టి ఒకసారి పరీక్షించి చేతులు దులుపుకుంటే చాలదు. ఏటా చూడాలి, అదే చోట చూడాలి.

ఇది మూడు గుంటల పని

'ఇదంతా కోట్ల ఖర్చు' అని భయపెడతారు. లెక్క వేద్దాం. పది రకాలు, ఒక్కో రకానికి అయిదు మీటర్ల వరుసలు రెండు. వరుసల మధ్య 60 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 20. ఇదే మడిని మూడు చోట్ల తిరిగి వేస్తే మొత్తం 60 వరుసలు. ఒక్కో రకానికి 150 మొక్కలు. జాగా 180 చదరపు మీటర్లు, అంటే రెండు గుంటలు కూడా నిండదు. తెగులుకు లొంగే రకం వరుసలు, చుట్టూ గట్టు కలుపుకుంటే మూడు గుంటలు. మందు కొట్టిన సగం, కొట్టని సగం పోల్చి ఏ రకానికి ఎంత పోయిందో తూచాలంటే ఆరు గుంటలు. దీనికి కోట్లు కాదు, మనసు కావాలి.

నేపాల్ కొండల్లో ఇది చేసి చూపించారు. అక్కడ 1999లో మొదలైన కొండ మక్క పరిశోధన ప్రాజెక్టులో రైతులనే పరీక్షలో భాగం చేశారు. ఊరికి ఒక పెద్ద మడి, అందులో అన్ని రకాలు ఉంటాయి. దాని చుట్టూ రైతుల చేన్లలో చిన్న మడులు, ఒక్కొక్కరి దగ్గర కొన్ని రకాలే, రైతు పద్ధతిలోనే. వీటిని తల్లి మడి, పిల్ల మడి అంటారు. తల్లి మడిలో శాస్త్రవేత్త కొలుస్తాడు, పిల్ల మడిలో రైతు కొలుస్తాడు. రెండూ కలిపి చూసి రకాన్ని ఎంచుతారు. రోడ్డు కూడా లేని కొండల్లో సాగిన పని బెల్లంపల్లి కృషి విజ్ఞాన కేంద్రానికి కూతవేటు దూరంలో ఎందుకు సాగదు?

కృషి విజ్ఞాన కేంద్రాలకు ఐసీఏఆర్ అప్పగించిన పనుల్లో మొదటిదే రైతు చేనులో పరీక్ష. ఏ సాంకేతికత ఏ చోటికి సరిపోతుందో రైతు పొలంలో చూడడం వాళ్ళ బాధ్యత. మనం కొత్త పని అడగడం లేదు, రాసి ఉన్న పనిని గుట్ట ఎక్కించమంటున్నాం. అయిదు వేల ఎకరాలకు ఒక రైతు వేదిక కట్టారు, ఒక ఏఈఓను పెట్టారు. ఆ వేదిక గోడ మీద ఈ మార్కుల పట్టిక రాయడానికి ఎంత సున్నం కావాలి?

ఈ పరీక్షలో రెండు షరతులు మనవి. మన దగ్గర మిగిలిన పాత మక్క విత్తనం కూడా ఒక వరుసగా ఉండాలి. అది గొప్పదనో పనికిరాదనో ముందే తీర్పు వద్దు, దాని మార్కు కూడా చూద్దాం. రెండోది, మార్కులు వేసేటప్పుడు మహిళా రైతులు ఉండాలి. కంకి కాల్చి తినేది, గింజ విసిరేది, విత్తనం దాచేది, చొప్ప మోసేది వాళ్ళు. ఆకు పచ్చగా ఉండి గింజ పురుగు పట్టే రకాన్ని వాళ్ళు ఒక్క చూపులో పక్కన పెడతారు.

చట్టం ఎక్కడ ఉంది

1966 విత్తన చట్టం కింద సంచి మీద రాయాల్సింది మొలక శాతం, స్వచ్ఛత, లాటు నంబరు, తేదీల వంటివి. హైబ్రిడ్ మక్కకు కనీస మొలక 90 శాతం. తెగులును ఎంత తట్టుకుంటుందో రాయాలన్న నిబంధన లేదు. ప్రభుత్వం నోటిఫై చేయని ప్రైవేటు రకాలకు సమన్వయ పథకం పరీక్షల గుండా వెళ్ళాల్సిన బలవంతమూ ఆ చట్టంలో లేదు. మొలక బాగుంటే చాలు, చట్టం దృష్టిలో అది మంచి విత్తనం. నూటికి 95 మొలిచి, నూటికి 95 ఎండిపోయినా మంచి విత్తనమే! 2004లో రాజ్యసభలో పెట్టిన విత్తన బిల్లు చట్టం కాలేదు. 2019లో మరో ముసాయిదా, 2025లో ఇంకో ముసాయిదా వచ్చాయి. ముసాయిదాలతో చేను పచ్చబడదు.

అయినా ఉన్న చట్టంలో మనకు కొన్ని ఆయుధాలు ఉన్నాయి. 2001 మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టంలో 39(2) సెక్షన్ ఉంది. ఆ చట్టం కింద నమోదైన రకాన్ని అమ్మేటప్పుడు, ఏ పరిస్థితుల్లో ఎంత ఫలితం ఇస్తుందో రైతుకు చెప్పాలి. చెప్పిన పరిస్థితుల్లో ఆ ఫలితం రాకపోతే రైతు పరిహారం అడగవచ్చు. 2012 జనవరిలో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ అప్పీళ్ళ మీద సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. విత్తనం కొన్న రైతు వినియోగదారుడే, వినియోగదారుల ఫోరానికి వెళ్ళవచ్చు అన్నది ఆ తీర్పు. విత్తనమంతా విత్తేసిన రైతును 'శాంపిల్ ఏది' అని అడగడం తగదని కూడా చెప్పింది.

కానీ కోర్టు ముందు మాట్లాడేది కాగితం. బిల్లు లేని విత్తనం కొనవద్దు. సంచి, దాని మీది లేబుల్ పంట ఇంటికి వచ్చేదాకా దాచుకోవాలి. 'తట్టుకుంటుంది' అని అచ్చువేసిన కరపత్రం ఉంటే అదీ దాచుకోవాలి. ఊళ్ళో పక్కన పక్కనే, ఒకే వారంలో విత్తిన రెండు రకాల్లో ఒకటి ఎండి ఒకటి నిలిస్తే, ఫొటోలు తీసి తేదీ రాసి పెట్టుకోవాలి. గుట్ట మీద పరీక్ష మడి ఉండి, దాని మార్కుల పట్టిక చేతిలో ఉంటే అంతకు మించిన సాక్ష్యం లేదు. మనకు పరీక్ష ఇవ్వకపోవడానికి అదీ ఒక కారణమని ఎవరైనా అనుమానిస్తే తప్పు పట్టలేం.

మన డిమాండ్లు

1. కాసిపేట, తిర్యాణి, కెరమెరి, జైనూర్, సిర్పూర్(యు), ఉట్నూరు మండలాల్లో ఒక్కొక్క చోట వానకాలం, యాసంగి రెండింటికీ ఆకు ఎండు తెగులు పరీక్ష మడి పెట్టాలి. వ్యవసాయ విశ్వవిద్యాలయం, కృషి విజ్ఞాన కేంద్రాలు, ఐటీడీఏ కలిసి దీన్ని నడపాలి.

2. ఆ మండలాల దుకాణాల్లో అమ్మే ప్రతి మక్క రకం, ప్రైవేటు అయినా ప్రభుత్వానిదైనా, ఆ మడిలో ఉండాలి. ఖర్చు అమ్మేవాడు భరించాలి. మార్కులు వేసే అధికారం మాత్రం అమ్మేవాడికి ఉండకూడదు.

3. మార్కుల పట్టికను విత్తనాల అదునుకు నెల ముందే రైతు వేదికలో, పంచాయతీలో, దుకాణం ముందు తెలుగులో పెట్టాలి. గోండి, కోలామీ మాట్లాడే గూడేల్లో ఆ భాషల్లో చదివి వినిపించాలి.

4. తెగులు పేరు, పరీక్షించిన చోటు, మార్కు లేకుండా 'రోగాలను తట్టుకునే రకం' అని సంచి మీద అచ్చువేయడాన్ని నిషేధించాలి. రాబోయే విత్తన చట్టంలో దీన్ని చేర్చాలి.

5. పంట ఎండిన రైతు ఫిర్యాదు చేస్తే, మచ్చలు కనిపిస్తుండగానే అధికారులు చేను చూడాలి. పట్టా లేని పోడు రైతుకూ, కౌలు రైతుకూ ఇది వర్తించాలి.

రైతు సోదరులారా, అక్కలారా! సర్కారు కదిలేదాకా మనం చేతులు ముడుచుకొని కూర్చోవద్దు. ఏటా తెగులు వచ్చే చేను ఏదో ప్రతి ఊరికీ తెలుసు. అక్కడ మూడు గుంటలు ఎంచండి, పక్కవాళ్ళ మక్కకు దూరంగా ఉండేట్టు చూడండి. ఊళ్ళో కొన్న ప్రతి రకం నుంచి గుప్పెడు గింజలు తీసి వరుసలు వేయండి. వరుస మొదట్లో కట్టె పాతి రకం పేరు రాయండి. పీచు వేసినప్పుడు ఒకసారి, రెండు వారాల తరువాత ఇంకోసారి, కింది ఆకు నుంచి పై ఆకు దాకా చూసి మార్కు వేయండి. నోటుబుక్కులో రాసి మండల సమావేశానికి తీసుకురండి. పది ఊళ్ళ నోటుబుక్కులు ఒక చోట చేరితే, దుకాణం ముందు నిలబడి అడగడానికి మన దగ్గర మాటలే కాదు, లెక్కలు కూడా ఉంటాయి.